నీచ శుక్రుడు, మగ్గం పని, పద్దెనిమిది గుణాలు: ఒక కన్యా లగ్న జాతకం

శుక్రుడు నీచలో, అంటే బలం బాగా తగ్గే రాశిలో, ఉన్నాడని ఎవరో ముందే చెప్పి, భయపెట్టి పంపిన జాతకాలు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. ఫోన్లలో జాతకం యాప్‌లు వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. యాప్ ఆ రెండు ముక్కలూ చూపించి ఊరుకుంటుంది. చూసుకున్నవాళ్లు మాత్రం తమకి ప్రేమ రాసిపెట్టి లేదనే తీర్మానం దాకా వెళ్లిపోతారు. ఇక్కడ రాస్తున్నదీ అలాంటి కేసే. కాకపోతే ఇందులో ప్రేమ సంగతి కంటే ముందు పని సంగతి ఉంది. అది పట్టుకున్నాకే జాతకం విడింది.

జాతకురాలు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చాను. గ్రహస్థితిని మార్చలేదు.

వచ్చిన ప్రశ్న

అమ్మాయిది కోనసీమ. చదువు కోసం చెన్నై వచ్చి, ఫ్యాషన్ డిజైనింగ్ చేసి, వలసరవాక్కంలో బ్లౌజుల మీద మగ్గం పని చేయించే చిన్న షాపు పెట్టుకుంది. ఇక్కడివాళ్లు దాన్ని ఆరి వర్క్ అంటారు. మగ్గం మీద కుట్టే కారీగర్లు నలుగురైదుగురు, ఒక టైలరు. పెళ్లిళ్ల సీజన్ వస్తే ఊపిరాడదు. 2023 చివర్లో, 27 నిండిన కొత్తలో నా దగ్గరికి వచ్చింది. అంతకుముందే వాళ్లమ్మగారు ఊరి నుంచి ఫోన్ చేసి, "సిద్ధాంతిగారూ, మా అమ్మాయికి కల్యాణ ఘడియలు ఎప్పుడొస్తాయో కాస్త చూడండి" అన్నారు. అమ్మాయి అడిగింది వేరు.

ప్రేమించిన అబ్బాయి ఉన్నాడు. కొన్ని తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, బ్యాంకు ఉద్యోగం. వాళ్ల అక్క పెళ్లి బ్లౌజుల కోసం షాపుకి వచ్చినప్పుడు పరిచయమయ్యాడు. రెండేళ్లలో ఈ అమ్మాయి రెండుసార్లు "ఇక వద్దు" అని మెసేజ్ పెట్టింది. రెండుసార్లూ అతనే వచ్చి సర్దుకున్నాడు. మూడోసారి తెంచే ముందు జాతకం కూడా చూపించుకుందామని వచ్చింది.

"గురువుగారూ, నాకు శుక్రుడు నీచ. పైగా రాహువుతో ఉన్నాడు. ఏడింట శని, కేతువు. మా ఇద్దరికీ గుణాలు కలిపితే 36కి 18 వచ్చాయి. ఇన్ని లోపాలు పెట్టుకుని దీన్ని లాగడం ఎందుకు చెప్పండి?"

ఆ అబ్బాయి చేసిన తప్పేమిటని అడిగాను. ఫోన్ తీసి నోట్స్ చూపించింది. తేదీలతో సహా రాసుకుంది. చెప్పిన టైముకి రాలేదు. హోటల్లో సర్వర్‌ని కసిరాడు. పుట్టినరోజుకి తెచ్చిన చీర అంచు రంగు తను కోరింది కాదు. తెలుగులో మెసేజ్ పెడితే సగం తమిళంలో జవాబిచ్చాడు. జాబితా చాలా పొడుగుంది. నిజంగా ఆలోచించాల్సినవి అందులో ఒకటో రెండో. మిగతావి కుట్టులో పోగు ఒక నూలువాసి పక్కకి జరగడం లాంటివి.

గ్రహస్థితి

పుట్టింది 1996 నవంబరు మొదటి వారంలో, తెల్లవారుజామున. ధాత నామ సంవత్సరం, ఆశ్వయుజ బహుళం. నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుఫాను ఇంకా తీరం దాటలేదు. వాళ్లమ్మగారు చెప్పిన సమయానికీ ఆస్పత్రి చీటీలో ఉన్న సమయానికీ అరగంట తేడా ఉంది. రెండిటికీ లగ్నం కన్యే అవుతుంది కాబట్టి రాశిచక్రం వరకూ బెంగ లేదు. నవాంశ (ఒక్కో రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రం) లగ్నం మాత్రం అరగంటలో మారిపోతుంది, అందుకని దాన్ని పక్కన పెట్టేశాను. నవాంశలో గ్రహాలు ఎక్కడున్నాయో అంతవరకే తీసుకున్నాను. గణితం దృక్ పద్ధతి, లాహిరి అయనాంశ.

లగ్నంలో శుక్రుడు, రాహువు. ఇద్దరూ హస్తా నక్షత్రంలో, కొద్ది డిగ్రీల తేడాతో. రెండో ఇంట తులలో రవి, బుధుడు. నాలుగింట ధనుస్సులో గురుడు. ఏడింట మీనంలో వక్రించిన శని, కేతువు. పన్నెండింట సింహంలో చంద్రుడు, కుజుడు. జన్మ నక్షత్రం పుబ్బ. పుబ్బ కాబట్టి పుట్టగానే శుక్ర దశ నడిచి దాదాపు 2008 దాకా ఉంది. తర్వాత రవి ఆరేళ్లు, చంద్రుడు పదేళ్లు. నా దగ్గరికి వచ్చేసరికి చంద్ర దశలో శుక్ర అంతర్దశ ఆఖర్లో ఉంది.

శుక్రుడికి కన్య నీచ రాశి, అందులో 27వ డిగ్రీ పరమ నీచ. ఈమె శుక్రుడు 15 దగ్గర ఉన్నాడు. అయితే ఇక్కడ ఆగితే జాతకం చదివినట్టు కాదు. శుక్రుడు బుధుడి ఇంట్లో ఉన్నాడు, బుధుడు శుక్రుడి ఇంట్లో ఉన్నాడు. అంటే లగ్నాధిపతికీ, ధన భాగ్యాధిపతికీ పరివర్తన. శుక్రుడి ఉచ్చ రాశి మీనం, దాని అధిపతి గురుడు లగ్నం నుంచి నాలుగింట, అంటే కేంద్రంలో, స్వక్షేత్రంలో ఉన్నాడు. ఫలదీపిక రాసిన మంత్రేశ్వరుడు నీచభంగానికి చెప్పిన షరతుల్లో ఇదొకటి. నవాంశలో శుక్రుడు వృషభంలో, అంటే సొంత ఇంట్లో పడ్డాడు. ఇంత ఆసరా ఉన్న శుక్రుణ్ణి పట్టుకుని "నీకు ప్రేమ లేదు" అనడం నా లెక్కలో అన్యాయం.

మరి నీచత్వం ఫలితమే ఇవ్వదా? ఇస్తుంది. నీచభంగం అంటే నీచత్వం చెరిగిపోవడం అని కొందరు చెప్తారు. నా అనుభవంలో అది చెరగదు, దాని వల్లే ఒక విద్య వస్తుంది. శుక్రుడు అందం, ఇష్టం, సుఖం. కన్య ఎంచడం, వేరు చేయడం, దిద్దడం. ఇష్టపడాల్సిన గ్రహం లెక్కలు చూసే ఇంట్లో కూర్చుంది. రాహువు తోడై ఆ ఎంచడానికి అడ్డూ ఆపూ లేకుండా చేశాడు. ఈ యోగానికి హస్త కలిస్తే చేతిపనిలో అసాధ్యురాలు అవుతుంది. అయింది కూడా. ఆమె షాపు బ్లౌజు వెనక మెడ మీద జర్దోసీ పని నేను చూశాను, లోపలివైపు తిప్పి చూసినా ముడి కనపడదు.

అదే కన్ను మనిషి మీద పడితే ఏమవుతుందో ఆ నోట్స్ చెప్తున్నాయి.

ఇక బుధుడు. లగ్నాధిపతి రవికి రెండున్నర డిగ్రీల దూరంలో అస్తంగతుడు, అంటే రవి వెలుగులో మరుగున పడ్డాడు. ఆ రవి తులలో నీచ. ఇలాంటి చోట నేను తండ్రి గురించి అడుగుతాను. తండ్రిగారు హైస్కూలు హెడ్‌మాస్టరు. రవి దశలో ఈ అమ్మాయి రెసిడెన్షియల్ స్కూల్లో ఉంది. ఇంటికి రాసిన ఉత్తరాలను ఆయన ఎర్ర సిరాతో దీర్ఘాలు, ఒత్తులు దిద్ది, జవాబుతో పాటు వెనక్కి పంపేవారట. చెడ్డ మనిషి కాదు, కూతురంటే ప్రాణం. ఆయనకి ప్రేమ చూపించడం వచ్చిన పద్ధతి అదే. ఈ అమ్మాయికి ప్రేమ అంటే ఏమిటో మొదట తెలిసింది కూడా అలాగే. తను దిద్దుతున్నంతసేపూ ప్రేమిస్తున్నాననే అనుకుంటుంది. ఆ మాట నేను చెప్పలేదు, రెండోసారి వచ్చినప్పుడు తనే అంది.

ఏడో ఇల్లు

ప్రేమకి అయిదో ఇల్లు, పెళ్లికి ఏడు. కన్యకి అయిదో అధిపతి శని. ఆయన ఏడింట ఉన్నాడు కాబట్టి ఇష్టపడ్డ మనిషితో పెళ్లి అనే సూచన గట్టిగానే ఉంది. కానీ ఇదే శని ఆరో ఇంటికీ అధిపతి. ఆరో ఇల్లు అప్పు, తగువు, రోగం, సేవకులు. ప్రేమ ఇంటి నుంచి పెళ్లి ఇంటికి వెళ్లే దారిలో తగువుల ఇల్లు కూడా మూటతో పాటు వచ్చింది. ఏడింట శనికి దిగ్బలం (దిక్కు వల్ల వచ్చే బలం) ఉంది, నక్షత్రం ఉత్తరాభాద్ర, అదీ ఆయనదే. బలమున్న శని, వక్రం, పక్కన కేతువు, చూపు ఎదురుగా లగ్నంలోని శుక్రుడి మీద.

అంతకుముందు ఇంకెవరో ఈ అమ్మాయికి, "పోయిన జన్మలో నువ్వు భర్తని ఏడిపించావు, ఇప్పుడు అనుభవిస్తున్నావు" అని చెప్పి, పెద్ద ఖర్చుతో ఒక హోమం చేయించమన్నారట. వక్ర శనికి, కేతువుకి పూర్వజన్మ కథలు కట్టడం మా వృత్తిలో పాత జబ్బు. శాస్త్రం ఫలితం చెప్తుంది, కథ చెప్పదు. ఏ జన్మలో ఎవరు ఎవర్ని ఏడిపించారో చూసి వచ్చినవాళ్లు ఎవరూ లేరు. అలా చెప్తే మనిషికి రెండే దారులు మిగులుతాయి, భయపడి డబ్బు కట్టడం, లేదా "నా కర్మ ఇంతే" అని చేతులు ముడుచుకోవడం. రెండూ ఆమెకి పనికిరావు.

కర్మని నేను చూసే పద్ధతి వేరు. పెద్దలు దృఢమనీ, అదృఢమనీ, దృఢాదృఢమనీ మూడు రకాలు చెప్పారు. ఒక సూచన లగ్నం నుంచీ, చంద్రుడి నుంచీ, కారక గ్రహం నుంచీ మూడు చోట్లా కనపడితే అది దృఢం, కదలదు. ఈ జాతకంలో లగ్నం నుంచి ఏడింట శని కేతువులు. పెళ్లికి కారకుడైన శుక్రుడు లగ్నంలోనే ఉన్నాడు కాబట్టి శుక్రుడి నుంచి చూసినా అదే. చంద్రుడి నుంచి ఏడో ఇల్లు కుంభం, దాని అధిపతి కూడా శనే, ఆయన చంద్రుడికి ఎనిమిదింట ఉన్నాడు. మూడు చోట్లా శనే తగిలాడు. కాబట్టి పెళ్లి ఆలస్యం దృఢం. దానికి పరిహారం ఉందని నేను ఎవరికీ చెప్పను. కానీ పెళ్లే లేకపోవడం, లేదా విడిపోవడం మూడు చోట్లా కనపడాలి కదా? ఏడో అధిపతి గురుడు స్వక్షేత్రంలో కేంద్రంలో ఉంటే అది నిలబడదు. ఆలస్యం ఉంది, లేమి లేదు. వాళ్లమ్మగారికి చెప్పిన జవాబు ఇదే.

అమ్మాయికి మాత్రం ఇంకో మాట చెప్పాలి. ప్రారబ్ధం సంగతి అలా ఉంచి, ఆగామి అని ఒకటుంది. ఇప్పుడు చేస్తున్నది, ముందు ముందు తిరిగి వచ్చేది. శని ఆరో అధిపతి అయినప్పుడు ఆగామి ఎక్కడ పోగవుతుందో వెతకాలంటే పనివాళ్ల దగ్గర వెతకాలి.

విప్పిన కుట్టు కూలి ఎవరిది?

అందుకని ప్రేమ గురించి వదిలేసి, షాపు గురించి అడిగాను. పని నచ్చకపోతే ఏం చేస్తావు? విప్పిస్తాను. మళ్లీ కుట్టిస్తాను. ఆ గంటలకి కూలి ఎవరిస్తారు? కాసేపు మాట్లాడలేదు. కారీగర్లకి పీసు లెక్కన ఇస్తుంది. విప్పి మళ్లీ కుట్టినా పీసు ఒకటే. కస్టమర్‌కి కనపడని తేడా కోసం, తన కంటికి ఆనని పువ్వు రేకు కోసం, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రవాడు రాత్రి పదకొండు దాకా మగ్గం ముందు కూర్చుని ఉచితంగా కుడుతున్నాడు. వాళ్లు ఏడాదికొకరు మానేస్తున్నారని, ఈ మధ్య నమ్మకమైన పనివాడు దొరకడమే లేదని అంతకు ముందే నా దగ్గర వాపోయింది. రెంటినీ కలిపి చూసుకోలేదు.

ఈ జాతకం గురించి నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే. అంతా సరిగ్గా ఉండాలనే పట్టుదల తప్పు కాదు. ఆ పట్టుదలకి ఖర్చు ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు కడతారు. షాపులో కారీగర్లు కడుతున్నారు, బయట ఆ బ్యాంకు అబ్బాయి కడుతున్నాడు. మెసేజ్ పెట్టి తెంచిన ప్రతిసారీ తిరిగి కలపడం అనే పని అతనిదే అయింది, దానికీ కూలి లేదు. శని కర్మకారకుడు అంటే శిక్షలు వేసే జడ్జి అని చాలామంది అనుకుంటారు. కష్టపడినవాడి లెక్క పోకుండా రాసే గుమాస్తా అనుకుంటే ఏడింట శని సరిగ్గా అర్థమవుతాడు.

ఆమెకి ఇది నచ్చలేదు. "అంటే నాసిరకం పని ఇమ్మంటారా?" అంది. ఎంతసార్లయినా విప్పించు, విప్పిన గంటకి గంట కూలి ఇవ్వు, అన్నాను.

గుణాలు, కుజదోషం

అబ్బాయిది 1994 ఏప్రిల్ చివర. వృషభ లగ్నం, మూలా నక్షత్రం, ధనూరాశి. మగవాడి మూల రాజ్యమేలుతుందని తమిళనాట ఒక నానుడి ఉంది కాబట్టి వాళ్లింట్లో ఆ నక్షత్రం గురించి గర్వమే. భయం అంతా ఆడపిల్ల మూలకే పెట్టారు, అది వేరే గొడవ.

పుబ్బకీ మూలకీ అష్టకూటాలు కలిపితే నాడి వేరు కాబట్టి ఎనిమిది పూర్తిగా వస్తాయి. రవి గురులకి మైత్రి, అయిదు. తారాకూటం మూడు. గణం దగ్గర పోతుంది, ఆమెది మనుష్య గణం, అతనిది రాక్షస గణం. రాశికూటంలో అయిదు తొమ్మిది వచ్చి ఏడు గుణాలూ ఎగిరిపోతాయి, కానీ రాశ్యధిపతులు మిత్రులైతే ఆ దోషం లేదని పెద్దలు అన్నదే. యాప్ ఆ మినహాయింపు చూడదు. మొత్తం 18 వచ్చింది, అంటే సరిగ్గా గీత మీద. వందకి వంద తెచ్చుకునే పిల్లకి ఇది అత్తెసరు మార్కుల్లా కనపడింది. గుణమేళనం ఇద్దరు మనుషుల నక్షత్రాల మధ్య చూసే ఒక ప్రాథమిక లెక్క. అది వాళ్ల ఓపికని కొలవదు.

అతని చక్రంలో కుంభంలో శని, సొంత ఇంట్లో, పదో స్థానంలో. నిదానస్తుడు. ఆమె పన్నెండింట కుజుణ్ణి చూసి కుజదోషం అంటారు కానీ సింహంలో ఉన్న కుజుడికి దోషం పట్టించుకోనక్కర్లేదనే పక్షం ఉంది. పైగా అబ్బాయికి చంద్రుడి నుంచి నాలుగింట కుజుడు ఉన్నాడు, దోషసామ్యం, ఇద్దరికీ ఉంటే చెల్లు. దీనిమీద ఎక్కువ సమయం పెట్టలేదు.

ఏం చెయ్యమన్నాను

వజ్రం పెట్టుకోమని ఎవరో, పచ్చ పెట్టుకోమని ఇంకెవరో చెప్పి ఉన్నారు. రెండూ వద్దన్నాను. రాహువుతో కలిసిన శుక్రుడికి రత్నంతో బలం పెంచితే ఎంచే గుణం కూడా పెరుగుతుందని నా అభిప్రాయం. అందరూ ఒప్పుకోరు.

వాళ్లమ్మగారు శని క్షేత్రమైన తిరునళ్ళారు వెళ్లాలని పట్టుబట్టారు. అప్పుడు శని కుంభంలో, ఆమె సింహరాశికి ఏడింట, కంటక శని. 2025 మార్చి 29న మీనంలోకి వచ్చాక ఎనిమిదింట, అష్టమ శని. అయితే తిరునళ్ళారు కోవెలలో పాత సూత్రాలతో లెక్కగట్టే వాక్య పంచాంగం పాటిస్తారు, దాని ప్రకారం మీన ప్రవేశం 2026లో. చెన్నైలో ఉండే తెలుగువాళ్లకి ఈ టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది, మన పంచాంగంలో శని మారిపోతాడు, పక్కింటి తమిళ క్యాలెండర్లో ఇంకా మారడు. వెళ్లాలనిపిస్తే ఎప్పుడైనా వెళ్లి రండి, దర్శనానికి దోషం లేదన్నాను.

నేను చెప్పింది లగ్నాధిపతి బుధుడి కోసం కోవూరు. చెన్నై చుట్టూ ఉన్న నవగ్రహ క్షేత్రాల్లో బుధుడిది అదే, పోరూరు దాటితే వస్తుంది. త్యాగయ్య తెలుగులో పంచరత్నాలు పాడిన సుందరేశ్వరుడి గుడి. బుధవారం పొద్దున్నే షాపు తెరిచే ముందు వెళ్లిరావడం, వీలైతే పెసలు దానం. అస్తంగత బుధుడికి ఇంతకన్నా ఆడంబరం అక్కర్లేదు.

ఇంకొకటి ఉంది. మాటల్లో ఆమెకి నిద్ర పట్టడం లేదని, రాత్రి రెండింటికి లేచి డెలివరీకి కట్టిన ప్యాకెట్లు విప్పి మళ్లీ చూసుకుంటోందని తెలిసింది. పన్నెండింట చంద్ర కుజులు ఉన్నారు, నిద్ర తక్కువ అని నేను చెప్పగలను. కానీ అది జాతకంతో తీరే సంగతి కాదు. సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లమన్నాను. మొహమాటమైతే ముందు టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి మాట్లాడమన్నాను, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు. జ్యోతిష్కుడి దగ్గరికి వచ్చినవాళ్లలో ఇలాంటివాళ్లు ఎంతోమంది ఉంటారు. దశ మారితే తగ్గుతుందని చెప్పి పంపేయడం పాపం.

తర్వాత

విప్పిన గంటలకి కూలి ఇవ్వడం 2024 మొదట్లో మొదలుపెట్టింది. దాని ఫలితం నేను అనుకున్నదాని కంటే త్వరగా వచ్చింది. నెలాఖరుకి లెక్క చూసుకుంటే మళ్లీ కుట్టించిన పనికే బోలెడంత పోయింది. అప్పటిదాకా ఆ ఖర్చు తన జేబులోంచి పోలేదు కాబట్టి కనపడలేదు. విప్పించడం మానలేదు కానీ, విప్పించే ముందు ఆగి ఆలోచించడం వచ్చింది. ఒక మాస్టర్ కారీగర్ మాత్రం అప్పటికే మనసు విరిగి వెళ్లిపోయాడు. ఫోన్ చేసి బకాయి ఇస్తానన్నా తిరిగి రాలేదు. డబ్బు మాత్రం పంపించింది.

అబ్బాయి విషయం అంత తిన్నగా సాగలేదు. 2024 చివర్లో చంద్ర దశ అయిపోయి కుజ దశ వచ్చింది. పన్నెండింట కుజుడు, ఎనిమిదో అధిపతి. దశ మారే సంధిలో ఎడబాటు ఉంటుందని ముందే చెప్పి ఉన్నాను. ఆ నోట్స్ అతని కంట పడ్డాయి. మొదట నవ్వాడట. కిందికి జరుపుకుంటూ వెళ్తే, తన నాన్న ఆస్పత్రిలో ఉన్న రోజు తను ఆమె ఫోన్ ఎత్తలేదని కూడా తేదీతో సహా రాసి ఉంది. ఆ తర్వాత కొన్ని నెలలు మాటల్లేవు. ఈసారి తిరిగి కలపడానికి అతను రాలేదు. వెళ్లాల్సింది తనే అని ఆమెకి అర్థం కావడానికి చాలా సమయం పట్టింది. వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

2025 మేలో గురుడు మిథునంలోకి వచ్చాడు, సింహరాశికి పదకొండో ఇల్లు. ఏడో అధిపతి సంచారంలో తన జన్మస్థానాన్ని చూస్తున్న సమయం. మీనంలోకి వచ్చిన శని పుట్టినప్పటి చోటికే చేరుతున్నాడు. పెళ్లి మాట కదిలితే ఈ ఏడాదే కదలాలని ఆమెతో అని ఉన్నాను. శరదృతువులో రెండు కుటుంబాలూ కూర్చున్నాయి. ఒక జాతకం కుదిరినంత మాత్రాన శాస్త్రం రుజువైపోయినట్టు చెప్పను. వాళ్లు కలవడానికి గురుడి సంచారం ఎంత కారణమో, ఆ కూలి లెక్క ఎంత కారణమో విడదీసి చూపించే పద్ధతి నా దగ్గర లేదు.

ముహూర్తం దగ్గర మళ్లీ పాత గుణం బయటికొచ్చింది. నవంబరు చివర నుంచి 2026 ఫిబ్రవరి మూడో వారం దాకా శుక్ర మౌఢ్యం, అంటే శుక్రుడు సూర్యుడికి దగ్గరై కనపడని రోజులు, పెళ్లిళ్లకి పనికిరావు, కాబట్టి ఫాల్గుణమే గతి. మౌఢ్యం వదిలిన వెంటనే వచ్చే రేవతికి ఇద్దరికీ తారాబలం (జన్మ నక్షత్రం నుంచి ఆ రోజు నక్షత్రానికి వేసే లెక్క) కుదురుతుంది కానీ అప్పటికి శుక్రుడు కుంభంలో రాహువుతో ఉంటాడు, మౌఢ్యం నుంచి అప్పుడే లేచాడు కాబట్టి ఇంకా బలం రాని బాల్యం కూడా. మార్చి 3న సంపూర్ణ చంద్రగ్రహణం, అదీ ఆమె పుబ్బలోనే. ఆ రోజులు తీసేశాను. అది దాటాక ఒక ఆదివారం పగలు వృషభ లగ్నం దొరికింది. పదకొండింట ఉచ్చ శుక్రుడు, రెండింట గురుడు, ఎనిమిది, పన్నెండు ఖాళీ. అయితే చంద్రుడు లగ్నానికి ఆరింట పడ్డాడు, అమ్మాయికి ఆ రోజు ప్రత్యక్ తార, అంటే అయిదోది, మంచిది కాదు.

ఆమె ముహూర్త దోషాలు ఇరవై ఒకటీ ఎక్కడో చదివి వచ్చింది. ఒక్కొక్కటే అడిగింది. ఏకవింశతి మహాదోషాలూ లేని ముహూర్తం పట్టుకోవాలంటే ఎవరి పెళ్లీ జరగదు, గుణాలు ఎక్కువ, దోషాలు తక్కువ ఉన్నదాన్ని తీసుకోమనే ముహూర్త గ్రంథాల్లో ఉంది, ప్రత్యక్ తారకి ఉప్పు దానం చెప్పారు, అది ఇస్తే సరిపోతుంది అని చెప్పాను. రెండు లోపాలనూ దాచకుండా లగ్నపత్రికతో పాటే ఒక కాగితం మీద రాసిచ్చాను. వాళ్లమ్మగారికి అనుమానం తీరలేదు. "ఇంకో పది రోజులు జరిపితే ఇంతకన్నా మంచిది రాదంటారా?" అని అడిగారు. సూర్యుడు మీనంలోకి వెళ్లిపోతాడు, అప్పుడింకో లోపం వస్తుంది అన్నాను. అమ్మాయి కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, హాలు బుక్ చేయడానికి అడ్వాన్సు ఎంత కట్టాలో వాళ్లమ్మతో లెక్క వేయడం మొదలుపెట్టింది.